ఇంకోసారి దూకమన్న మామయ్యకు

నా చిన్నోడికి,

రాయిస్తున్నది మీ అమ్మ. డెబ్భై దాటాయి, ఎంత దాటాయో నాకూ తెలియదు. ఇంట్లో ఉండేది నేను, లాండ్రీలో పనిచేసే మీ అక్క, మంచం మీద కాలు చాపుకుని నీ మేనకోడలు. నాకు అక్షరం ముక్క రాదు కనుక నువ్వు ఆట నేర్పే బాస్కెట్‌బాల్ జట్టులోని పొడుగమ్మాయి వంటింట్లో తలుపు వేసుకుని రాస్తోంది. "నేనన్నది అన్నట్టు రాయకపోతే నీ పొడుగు సగానికి కోస్తా" అన్నాను దానితో. నవ్వింది.

నీ మేనకోడలి మోకాలి ఆపరేషన్ రోజు ఆసుపత్రి మెట్ల దాకా వచ్చి వెనక్కి పోయావట. అక్క చూసింది. అప్పటినుంచి ఫోను ఎత్తవు, గుమ్మం తొక్కవు. అందుకే నా గోడు కాగితం మీద పెట్టిస్తున్నాను.

మన పిల్లకు దెబ్బ తగిలిన రోజు జిమ్ములో గోడవార బెంచీ మీద నేనూ ఉన్నాను. పిల్లలు చెక్కపెట్టె మీంచి దూకుతున్నారు. "దిగేటప్పుడు మోకాళ్ళు లోపలికి వాలాయంటే కాళ్ళు అలిసిపోయినట్టు, ఇక దూకకూడదు" అని వాళ్ళకు నేర్పింది నువ్వే. ఈ పొడుగమ్మాయికి వాలగానే "చాల్లేమ్మా, పోయి కూర్చో" అన్నావు. మన పిల్లకూ వాలాయి. నువ్వు చూశావు. నేను నీ మొహమే చూస్తున్నాను కనుక చూశావని నాకు తెలుసు.

ఇంతలో వెనకనుంచి ఎవత్తో, "మామయ్య కదా, ఇప్పుడు రెస్టిస్తాడు చూడు" అంది. నీకు రోషం పొడుచుకొచ్చింది.

"ఇంకోసారి," అన్నావు.

"మోకాలు పట్టేస్తోంది మామయ్యా."

"ఇక్కడ మామయ్య ఎవరే? సార్ అను. ఎక్కు."

ఎక్కింది. దూకింది. ఆ మోకాలి చప్పుడు నా బెంచీ దాకా వినిపించింది.

బరువులెత్తించేటప్పుడూ ఇంతేనట. తోటి పిల్లలకంటే దాని కడ్డీకి ఎప్పుడూ ఒక బిళ్ళ ఎక్కువే తగిలించేవాడివట. పక్షపాతం లేదని పదిమందికి చూపించుకోవడానికి నా మనవరాలి కాలే దొరికిందా నీకు?

ఇక్కడ ఈ పిల్ల కలం పక్కన పెట్టేసి ఏడ్చింది. వెనకనుంచి ఆ మాటన్నది తనేనట. కళ్ళు తుడుచుకుని రాయమన్నాను. పిల్లలు నోటికొచ్చింది అంటారు, అక్కడ పెద్దవాడివి నువ్వు.

నువ్వొస్తే తలుపు మొహాన వేద్దామనే కూర్చున్నాను. కానీ నీ మేనకోడలు ఎవరినీ కాలు ముట్టుకోనివ్వడం లేదు. వ్యాయామం చేయించడానికి ఆసుపత్రి నుంచి వచ్చినామెను తిప్పి పంపేసింది. రోజూ వంచకపోతే బిగుసుకుపోతుందని డాక్టరు అరిచాడు. "మామయ్య వస్తే వంచుతా" అంటుంది. "నీ కాలు పాడు చేసినవాడేనే వాడు" అంటే గోడవైపు తిరిగి పడుకుంటుంది.

ఇంకొకటుంది. వంచితే నడుస్తుంది. ఆట మాత్రం ఇక లేదు, ఎగరకూడదు. డాక్టరు మా ఇద్దరికే చెప్పాడు. దానికి చెప్పడానికి నాకూ అక్కకూ నోరు రాలేదు. ఈ పిల్లకూ ఇప్పుడే తెలిసింది.

కనుక రా. ముందు దాని కాలు వంచించు. ఆ తర్వాత ఆ మాట నువ్వే చెప్పు. అది ఏడిస్తే పక్కన నేనుంటాను. నువ్వు ఏడిస్తే ఎక్కడుంటానో నాకే తెలియదు.

మీ అమ్మ, ఎడమచేతి బొటనవేలి ముద్ర.

సాక్షులు:
రాసిన పొడుగమ్మాయి.
మీ అక్క, చదివి సంతకం చేసింది.