నాదిర్ వెళ్ళాక వెనక గది

16 అక్టోబర్ 1995, సోమవారం
నాదిర్ టికెట్ తెచ్చుకున్నాడు. 26న కాబూల్ — విమానం ఎగిరితే. నా భార్య సుశీల టికెట్‌ని అటూ ఇటూ తిప్పి చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మా క్వార్టర్ వెనక గదిలో అద్దెకు దిగినప్పుడు వాడికి సరిగ్గా మీసం కూడా లేదు. ఇప్పుడు సివిల్ ఇంజనీరు. ఫలితాలు జులైలోనే వచ్చాయి. వెళ్ళడానికి కారణం చెల్లెలు జర్మీనా. పదహారేళ్ళు. తండ్రి పోయాక కాబూల్లో బాబాయి ఇంట్లో ఉంటోంది. ఆమెను పెషావర్‌లో మేనత్త దగ్గరికి చేర్చాలి.

“ఇంకెవరు వెళ్తారు అంకుల్?”



17 అక్టోబర్
వీసాల పని చూసే ఎదురు బ్లాకు ఆయన్ని సాయంత్రం నడకలో పట్టుకున్నాను. గుంటూరు మనిషి, దాచకుండా చెప్పాడు. “ఇక్కడే ఉంటే ఎవరూ వెళ్ళగొట్టరండీ, ఫైలు అలా నడుస్తూనే ఉంటుంది. వెళ్ళాడా, మళ్ళీ రానివ్వరు. చదువైపోయింది కదా.”

“చెల్లెల్ని తీసుకుని వస్తే?”

“ఏమని వస్తాడు?”

ఉన్నదున్నట్టు నాదిర్‌కి చెప్పాను. “అచ్ఛా” అన్నాడు. మళ్ళీ, నెమ్మదిగా — “అచ్ఛా.”

టికెట్ మాత్రం వాపసు ఇవ్వడట.

20 అక్టోబర్
రోజూ నేను పేపరాఫీసు నుంచి రాగానే అడుగుతాడు, కాబూల్లో ఎలా ఉందని. తెలిసింది చెప్తాను. తెలియనిది తెలియదంటాను. సుశీలకి కోపం. “ఆ పిల్లాడికి ఒక్కసారైనా బాగానే ఉందని చెప్పకూడదా?”

బాగుందని ఇంతవరకూ ఎవరూ వార్త పంపలేదు.

22 అక్టోబర్, ఆదివారం
నాదిర్ ఊరికి వీడ్కోలు చెప్పుకుంటున్నాడు. ఎర్రకోట, కుతుబ్ మినార్ కాదు. సరోజినీ నగర్లో మంగలి. మునిర్కాలో పరోఠాలు వేసే ఆవిడ. కాలేజీ మెస్సులో తిండి బాగాలేనప్పుడు అప్పడాలు పంపిన మా పక్కింటివాళ్ళు.

ఇవాళ ముద్రిక ఎక్కుదాం రమ్మన్నాడు — రింగ్‌రోడ్డంతా చుట్టి ఎక్కినచోటే దింపే బస్సు. వచ్చిన కొత్తలో ప్రతి ఆదివారం అందులోనే తిరిగేవాడట. దారి తప్పే వీలు లేదు కాబట్టి.

కండక్టర్ — “కహాఁ జానా హై?”

“యహీఁ” అన్నాడు నాదిర్, మేం ఎక్కిన స్టాపు చూపించి.

“యహీఁ ఉతర్నా హై తో చఢే క్యోఁ, భాయీ?” దిగేది ఇక్కడేనంటే ఎక్కడమెందుకని వాడి బాధ.

వెనక సీట్లో సర్దార్జీ — “హవా ఖా రహే హైఁ. ఖానే దో బేచారోఁ కో.” గాలి తింటున్నారు, తిననివ్వు పాపం అని.

బస్సంతా నవ్వింది. నాదిర్ అందరికంటే ఎక్కువ.

ఆజాద్‌పూర్ కూరగాయల మండీ దగ్గర కుళ్ళిన క్యాబేజీ కంపు. కిటికీ మూయబోతే నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ధౌలా కువాఁ వచ్చింది. అప్పుడన్నాడు — “ఈ ఊళ్ళో నువ్వు ఏ తెగవాడివని నన్నెవరూ అడగలేదు అంకుల్.”

ఎక్కినచోటే దిగాం.

23 అక్టోబర్
దీపావళి. టపాకాయలు మొదలయ్యాక వాడు గదిలోంచి రాలేదు. సుశీల మిఠాయి అక్కడికే పట్టుకెళ్ళింది. లైటు ఆర్పేసి గోడకి ఆనుకుని కూర్చున్నాడట.

26 అక్టోబర్
పొద్దున సుశీల పెరుగన్నం పెట్టింది. ఆవకాయ ముక్క నంజుకుంటూ మనవాళ్ళలాగే తిన్నాడు. ఏమీ మిగల్చలేదు.

ఎయిర్‌పోర్టులో మూడుసార్లు హత్తుకున్నాడు, వాళ్ళ పద్ధతి. చేరగానే లజ్‌పత్ నగర్లో రొట్టెల కొట్టు హాజీ సాబ్‌కి కబురు పంపుతాడు. కాబూల్‌కి ఫోన్లు లేవు. వచ్చేపోయేవాళ్ళ నోటిమాటే దిక్కు.

విమానం లేచింది. చూశాను.

27 అక్టోబర్
పనిమనిషి కమల చీపురు పట్టుకుని వెనక గదికి బయల్దేరితే సుశీల ఆపేసింది. ప్రయాణమైన మనిషి చేరాడని తెలిసేదాకా ఆ గది ఊడవకూడదు. వాళ్ళమ్మ పద్ధతి. నేలనిండా చిల్గోజా గింజల పొట్టు — పరీక్షల రోజుల నుంచీ వాడికి అవి ఒలుచుకు తినడమే పని.

“దీదీ, చీంటీ ఆయేగీ” అని కమల, చీమలు పడతాయని.

“ఆనే దో.” రానిమ్మంది సుశీల.

చీపురుకీ విమానానికీ ఏమిటి సంబంధం అన్నాను. సుశీల తడుముకోలేదు. “మీకు మీ పేపరు పద్ధతులు లేవూ? ఇద్దరు చెప్తే గానీ రాయరు కదా. నాకు ఒక్కడు చెప్తే చాలు.”

1 నవంబర్
లజ్‌పత్ నగర్ వెళ్ళాను. హాజీ సాబ్ నన్ను చూడగానే తల అడ్డంగా ఊపాడు. వేడి రొట్టె ఒకటి కాగితంలో చుట్టి చేతిలో పెట్టాడు.

7 నవంబర్
కబురు లేదు.

12 నవంబర్, ఆదివారం
నిన్న కాబూల్ మీద రాకెట్లు. టెలిప్రింటర్లో ఆరు లైన్లు. పేటల పేర్లున్నాయి, మనుషుల పేర్లు లేవు. ఒకటి నాదిర్ బాబాయి ఉండే పేట. రెండోసారి చదివాను. అదే.

అనువదించి హైదరాబాద్ పంపాను. డెస్క్ నుంచి మూర్తి ఫోను. “గురువుగారూ, ఏడో పేజీలో చోటు లేదు. రెండు లైన్లకి కుదించనా?”

“ఏం తీసేస్తావు?”

“ఆ పేటల పేర్లేవో ఉన్నాయిగా. మనవాళ్ళకి ఏం తెలుస్తాయి?”

తీసెయ్యమన్నాను.

13 నవంబర్
సాయంత్రం పేపరు చూసి సుశీల — “కాబూలంటే ఎంత ఉంటుందండీ? మన బెజవాడంతా?”

“చాలా పెద్దది.”

అది నిజం. పేట సంగతి చెప్పలేదు.

19 నవంబర్
హాజీ సాబ్ దగ్గర ఒక మాట. చెల్లెలితో ఓ కుర్రవాడు జలాలాబాద్ దారిన లారీలో వెళ్ళాడట. పేరు తెలియదు.

“చెప్పినాయన చూశాడా?”

“సునా హై.”

విన్నాడు. చూడలేదు. ఎప్పుడు వెళ్ళారో, రాకెట్లకు ముందో తర్వాతో, అదీ తెలియదు. నా దగ్గరికి వేరెవరైనా ఇలాంటి వార్త తెస్తే వెనక్కి పంపేవాణ్ణి.

ఇంటికొచ్చి సుశీలకి ఆ మాట చెప్పాను. పేట సంగతి కూడా చెప్పాను. చాలాసేపు బియ్యం ఏరుతూ కూర్చుంది. ఏరిన బియ్యమే మళ్ళీ ఏరింది.

28 నవంబర్
చలి మొదలైంది. వెనక గది కిటికీ రెక్క ఒకటి తెరిచే ఉంది. అలాగే ఉంచాం.

3 డిసెంబర్, ఆదివారం
సుశీల ఆఫీసుకి రాజమండ్రి నుంచి బదిలీ మీద ఒక అమ్మాయి వచ్చింది. గది కావాలట. మధ్యాహ్నం సుశీలే కమలని పిలిచి చీపురు చేతికిచ్చింది. “ఎన్నాళ్ళని అలా ఉంచుతాం” అంది, నావైపు చూడకుండా.

కమల తలుపు గడియ మీద చెయ్యి వేసింది. నేను లేచి వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను.

“ఏమైందండీ?”

“ఇంకా ధ్రువపడలేదు.”

“ఏది?”

“ఏదీ.”

కమల మా ఇద్దర్నీ చూసి, చీపురు గోడకి చేరేసి, చాయ్ పెడతానంటూ లోపలికి వెళ్ళింది.

తలుపుకి తాళం వేశాను. గడప కింద నుంచి చీమల బారు బయటికి వస్తోంది.

ఆ అమ్మాయి రేపు పొద్దున్నే గది చూడ్డానికి వస్తుంది. తాళంచెవి నా చొక్కా జేబులో ఉంది.