మసిగుడ్డ

ఫిబ్రవరి 2, సోమవారం

తొంభై రెండు శాతం. ఇంకోసారి రాసుకుంటాను, నా కోసం. తొంభై రెండు.

ఇవాళ ల్యాబ్‌లో ఆరు పరుగులూ, అంటే అరగంట చొప్పున ఆరు పరీక్షలూ, ఒకేలా వచ్చాయి. ట్యాంకు అడుగున మిగిలే నూనె, తారులా సాగేది, ఎవరూ ముట్టుకోనిది, దాన్ని వేడి చేసి బర్నర్‌లోకి పంపి, మంట చుట్టూ ఒక రింగు, మంట పైన ఒక కడ్డీ పెట్టి, రెండింటి మధ్య పన్నెండు వేల వోల్టులు ఇచ్చాం. కరెంటు లేనప్పుడు ఆ మంట పసుప్పచ్చగా, బద్ధకంగా, కొసన నల్ల తోకతో ఊగుతుంది. స్విచ్ వెయ్యగానే హెడ్మాస్టర్ని చూసిన పిల్లాడిలా నిటారుగా నిలబడుతుంది. అడుగున నీలం వస్తుంది. మంటలో దానంతట దానికే కాస్త విద్యుత్తు ఉంటుంది. దాన్ని మనం బయటి నుంచి లాగితే దాంతోపాటు గాలి కదులుతుంది. గాలి బాగా కలిస్తే మసి బయటికి రాకముందే కాలిపోతుంది. ఇంతే సంగతి. ఇంత చిన్న సంగతికి నాలుగేళ్ళు.

పొగ మొత్తం ఒక ఫిల్టర్ కాగితంలోంచి పోవాలి. స్విచ్ లేకుండా అరగంటకి అరవై మిల్లీగ్రాముల మసి. స్విచ్ వేస్తే ఐదు. కాగితం చూసి మా ల్యాబ్ అసిస్టెంట్ కళ్ళజోడాయన, ఇంకో మూడేళ్ళలో రిటైరయ్యే మనిషి, ఎప్పుడూ పెదవి విప్పనివాడు, ఈ కాగితం మీద ఉత్తరం రాసుకోవచ్చు మేడమ్ అన్నాడు.

సాయంత్రం కడ్డీ, రింగు తుడిచి, గుడ్డ బకెట్‌లో పడేసి వచ్చాను. నిజానికి ఆ పని ఊడ్చే ఆవిడది. చేరిన వారమే నేను ఒప్పుకోనని చెప్పాను. మురికి చేసినవాళ్ళే కడగాలని, ఒకరి మురికి ఇంకొకరు ఎత్తే పద్ధతి మీద ముప్పై ఏళ్ళుగా వ్యాసాలు రాస్తున్నదాన్నని ఆవిడకి ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఆవిడ నవ్వింది. నాలుగేళ్ళుగా రోజూ నేనే తుడుస్తున్నాను. గర్వంగానే.

ఫిబ్రవరి 4, బుధవారం

ఈ యంత్రం గురించి రాసిన వ్యాసం పత్రిక నుంచి తిరిగొచ్చింది. ముప్పై ఏళ్ళ స్నేహితురాలు, సంపాదకురాలు, ఫోన్ చేసే ధైర్యం లేక పోస్టులో పంపింది. యజమానుల కంపునూనెకి నేను అత్తరు తయారు చేస్తున్నానని చీటీ.

అత్తరట. ఆవిడ ఇంట్లో నీళ్ళు దేంతో కాగుతున్నాయి? పత్రిక అచ్చేసే మిషను దేంతో తిరుగుతోంది? రేపటి నుంచి ఎక్కడా మంట ఉండకూడదని తీర్మానాలు చేసేవాళ్ళలో ఒక్కరైనా బాయిలర్ ముందు ఎనిమిది గంటలు నిలబడ్డారా? నా తమ్ముడు నిలబడ్డాడు, ఇరవై రెండేళ్ళుగా నిలబడుతున్నాడు. ఆ నూనె రేపూ కాలుతుంది, ఎల్లుండీ కాలుతుంది, మీ తీర్మానం చదవకుండానే కాలుతుంది. కాలేటప్పుడు వాడి ఊపిరితిత్తుల్లోకి పోయేదాన్ని తగ్గించవచ్చా, లేదా? ముందు దీనికి జవాబు చెప్పండి. అత్తరు సంగతి తర్వాత చూద్దాం.

ఇదంతా ఉత్తరంగా రాశాను. పోస్టు చెయ్యలేదు. ఈ మధ్య నా ఉత్తరాలకి జవాబులు రావడం లేదు.

ఫిబ్రవరి 5, గురువారం

ఇవాళ ఇంట్లో నేను పైకి అన్న ఒకే ఒక్క మాట: ఆగు. పొంగుతున్న పాలతో.

ఫిబ్రవరి 8, ఆదివారం

ఫోన్ మోగలేదు. తమ్ముడు ప్రతి ఆదివారం పదింటికి చేసేవాడు. మానేసి పద్నాలుగు నెలలు. అయినా పదింటికి నా చెయ్యి ఫోన్ దగ్గరికి పోతుంది, దానికింకా ఎవరూ చెప్పలేదు కాబోలు.

ఎందుకు మానేశాడో ఎక్కడా రాసుకోలేదు. ఇవాళ రాస్తాను.

వాడి ఫ్యాక్టరీ వాళ్ళు ఇప్పుడు ఒక బాయిలర్‌లో ఆ నూనె కాలుస్తున్నారు. మా యంత్రం పని చేస్తుందని రిపోర్టు ఇస్తే మూడింటిలో కాల్చడానికి అనుమతి వస్తుంది. కార్మికుల కాలనీ ఫ్యాక్టరీ గోడ పక్కనే, తమ్ముడి ఇల్లూ అందులోనే. అందుకని కాలనీ వాళ్ళని క్యాంటీన్‌లో కూర్చోబెట్టి నాచేత చెప్పించారు. రెండు వందల మంది. నేను బాగా మాట్లాడాను. నేనెప్పుడూ బాగానే మాట్లాడతాను. అప్పుడు వెనక వరసలోంచి వాడు లేచాడు. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, మొహం కూడా కడుక్కోలేదు.

"అక్కా, ఆ కడ్డీకి అంటుకున్న మసి ఎక్కడికి పోతుంది?"

వారానికోసారి బాయిలర్ గొట్టాల్లో మసి గీకే మనిషి అడిగే ప్రశ్న అది. నేను మైకులో అన్నాను:

"తుడిస్తే పోతుందిరా, నీ మొహం మీది మసిలాగే."

రెండు వందల మంది నవ్వారు. వాడు బయటికి వెళ్ళిపోయాడు. వాడి వెనకాల తలుపు దానంతట అది ఊగుతూ ఉండిపోయింది. నేను తర్వాతి ప్రశ్న అడగమన్నాను.

ఆ రాత్రి మరదలు ఫోన్ చేసింది. కోప్పడలేదు. మా కిటికీ అద్దం మీద రోజూ వేలితో పేరు రాసుకోవచ్చు వదినా, ఎప్పుడైనా వచ్చి చూడండి అని పెట్టేసింది. వెళ్ళలేదు. యంత్రం పని చేస్తే ఆ అద్దమే నా తరఫున మాట్లాడుతుందనుకున్నాను. వాడి కోసమే కదా ఈ చాకిరీ అంతా. వాడికి చెప్పలేదనుకోండి.

అనుకోండి అని ఎవరితో అంటున్నాను?

ఫిబ్రవరి 11, బుధవారం

పెద్దాయన గదికి పిలిచారు. మా డైరెక్టర్. రిపోర్టు 27న అనుమతుల కమిటీకి చేరాలట. సంతకం నాదే ఉండాలట, ఎందుకంటే నన్ను అమ్ముడుపోయిన మనిషి అని ఎవరూ అనలేరట. నా ముప్పై ఏళ్ళ పోట్లాటలూ ఇలా పనికొస్తాయని ఎన్నడూ అనుకోలేదు. టీ ఇప్పించారు.

ఫిబ్రవరి 13, శుక్రవారం

జ్వరం. నూట రెండు. పరుగులు కళ్ళజోడాయనకి అప్పగించాను.

ఫిబ్రవరి 15

మందుల షాపు అతను ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా అని అడిగాడు. ఉన్నారన్నాను. ఎందుకన్నానో.

ఫిబ్రవరి 17, మంగళవారం

పొద్దున్నే వెళ్ళాను. కళ్ళజోడాయన తల దించుకుని నాలుగు కాగితాలు బల్ల మీద పెట్టాడు. శుక్రవారం బాగానే ఉంది, ఆరు మిల్లీగ్రాములు. శనివారం పదకొండు. నిన్న మధ్యాహ్నం నుంచి టపటపమని నిప్పురవ్వలు, కాగితం మీద నల్ల పొరలు. చివరి పరుగు యాభై మూడు. నూనె డ్రమ్ము మారింది మేడమ్, అందులోనే ఏదో తేడా అన్నాడు.

మూత తీసి కడ్డీ చూశాను. కడ్డీ కనపడలేదు. దాని మీద మసి నాచులా, ఈకల్లా పెరిగి రింగు వైపు చేతులు చాపుతోంది. ఊదితే ఒక ఈక లేచి నా చీర మీద వాలింది.

ఎవరూ తుడవలేదా అని అరిచాను. ఊడ్చే ఆవిడ గుమ్మంలోనే నిలబడింది. ఆవిడ తప్పేమీ లేదు, ఆవిడ గొంతులో భయం కూడా లేదు.

"మీరే వద్దన్నారు కదమ్మా. మీ పని నేనెందుకు ముట్టుకుంటాను?"

బకెట్‌లో చూశాను, గురువారం నేను పడేసిన గుడ్డ అలాగే ఉంది.

ఫిబ్రవరి 18, బుధవారం, పొద్దున ఏడు

అందరికన్నా ముందు వచ్చాను. కడ్డీ మెరిసేలా తోమాను. కొత్త గుడ్డ ఒకటి దీపం కింద ఆరబెట్టి తూచాను. ఇవాళ ఆరు పరుగుల తర్వాత అదే గుడ్డతో తుడిచి, మళ్ళీ ఆరబెట్టి, మళ్ళీ తూస్తాను. నాలుగేళ్ళలో ఒక్కసారైనా తూచాల్సిన వస్తువు.

సాయంత్రం ఐదు

నూట ఎనభై ఆరు మిల్లీగ్రాములు.

ఫిబ్రవరి 19, గురువారం

మళ్ళీ చేశాను. నూట ఎనభై మూడు.

పరుగుకి ముప్పై ఒకటి. అంటే అరవైలో ఐదు కాగితం మీద, ముప్పై ఒకటి నా గుడ్డలో. నిజంగా కాలిపోయింది ఇరవై నాలుగు. నలభై శాతం. మిగతాదంతా కాలలేదు, కడ్డీకి అతుక్కుంది. విద్యుత్తు గాలినే కాదు, మసినీ లాగుతుంది. కాలేజీ కుర్రాడికి తెలిసిన సంగతి. నాకూ తెలుసు. తెలిసీ ప్రతి సాయంత్రం నా చేత్తో నేనే తుడిచి, బకెట్‌లో వేసి, కాగితం ఎంత తెల్లగా ఉందో చూసి మురిసిపోయాను. ఊడ్చే ఆవిడ తుడిచి ఉంటే ఎప్పుడో ఒక రోజు సెలవు పెట్టేది, ఆ రోజే బయటపడేది. ఈ జ్వరం దాకా, నాలుగేళ్ళలో ఆదివారాలు తప్ప నేను సెలవు పెట్టలేదు. నా ఆదర్శం అంత శుభ్రమైనది.

బాయిలర్‌లో ఎవరు తుడుస్తారు? తొమ్మిది వందల డిగ్రీల్లో కడ్డీ. తుడవాలంటే ఆపాలి, ఒక రోజు చల్లార్చాలి, ఒక మనిషి లోపలికి పాకాలి. గొట్టాలకైతే వారానికోసారి ఆపుతారు, దీనికోసం రోజూ ఆపరు. మసి పెరుగుతుంది, ఊడుతుంది, పొరలు పొరలుగా చిమ్నీలోంచి లేచి గోడ దాటుతుంది. మూడు బాయిలర్లవి.

వాడు అడిగింది ఇదే. ఏడు మాటల్లో అడిగాడు.

ఫిబ్రవరి 20, శుక్రవారం

నలభై తక్కువేమీ కాదు. ఇంకో ఐదేళ్ళు పని చేస్తే, కడ్డీ మసిని అక్కడే కాల్చేసే దారి దొరికితే, అరవై అవుతుంది. కానీ నలభైకి జెండా లేదు. యజమానులకి అది చాలదు, అనుమతి రాదు. స్నేహితురాలికి అది ఎక్కువ, మోసం బయటపడిందని సంపాదకీయం రాస్తుంది. తొంభై రెండు అంటే ఇటు వైపు చప్పట్లు. సున్నా అంటే అటు వైపు చప్పట్లు. నలభై అన్నవాళ్ళు మధ్యాహ్నం ఒంటరిగా టిఫిన్ డబ్బా తెరుచుకుంటారు.

అదెలాగూ ఇప్పుడూ చేస్తున్నదే.

ఫిబ్రవరి 23, సోమవారం

పెద్దాయనకి చెప్పాను. గుడ్డ చూపించాను. ఆయన ముట్టుకోలేదు. దీనికింత రాద్ధాంతం ఎందుకు, "ఎలక్ట్రోడ్లను ఎప్పటికప్పుడు శుభ్రపరచవలెను" అని ఒక వాక్యం చేరిస్తే సరిపోతుంది కదా మేడమ్ అన్నారు. మర్యాదగానే. శుభ్రపరిచేది ఎవరని అడిగాను. అది వాళ్ళు చూసుకుంటారన్నారు.

వాళ్ళు. ముప్పై ఏళ్ళుగా ఈ మాట మీదే కదా నేను పోట్లాడుతున్నది. వాళ్ళు చూసుకుంటారు, వాళ్ళు ఎత్తుతారు, వాళ్ళు పాకుతారు. ఆ వాళ్ళు ఎవరో నాకు తెలుసు. మసి వదలడానికి రంపపు పొట్టుతో చేతులు రుద్దుకుంటాడు. చిన్నప్పుడు చీకటంటే భయం, స్నానాలగదికి నన్ను తోడు రమ్మనేవాడు.

ఇదంతా ఆయనతో అనలేదు. ఆ వాక్యం చేర్చనని మాత్రం అన్నాను. అయితే ఇంకొకరి సంతకం చూసుకోవాలి అన్నారాయన. చూసుకోండి, నా పట్టికలు మాత్రం నా సంతకంతోనే పోతాయి అన్నాను.

ఫిబ్రవరి 26, గురువారం

పంపాను. నలభై శాతం. పద్ధతిలో లోపం నాదేనని మొదటి పేజీలోనే రాశాను, రెండో పేరాలో దాచలేదు. నేనే వెళ్ళి కమిటీ ఆఫీసులో ఇచ్చి ముద్ర వేయించుకున్నాను. గుమస్తా జాబితా రెండుసార్లు చదివాడు. జతపరచినవి: పట్టికలు నాలుగు, ఫిల్టర్ కాగితాలు పన్నెండు, గుడ్డ ఒకటి. గుడ్డ ఎందుకు మేడమ్ అన్నాడు. అదే అసలు రిపోర్టు అన్నాను. ప్లాస్టిక్ కవర్‌తో సహా పిన్ను కొట్టాడు.

ఫిబ్రవరి 28, శనివారం

మూడు బాయిలర్ల ఫైలు ఆగింది. ఆగిందో, ఇంకో సంతకం వెతుక్కుంటోందో. నన్ను స్టోర్స్‌కి మార్చారు. అక్కడ ఒక కుర్చీ, గాజుగొట్టాల అట్టపెట్టెలు. కళ్ళజోడాయన వచ్చి నా టీ కప్పు పెట్టి వెళ్ళాడు. ఊడ్చే ఆవిడ వచ్చి, ఇక మీ గది నేను ఊడవొచ్చా అమ్మా అనడిగింది. ఊడవమన్నాను. చీపురు నాకూ ఒకటి ఇమ్మన్నాను. మళ్ళీ మొదలుపెట్టారా అన్నట్టు చూసింది.

మార్చి 1, ఆదివారం

పదింటికి ఫోన్ మోగలేదు. పదిన్నరకి బస్సెక్కాను.

తాళం వేసి ఉంది. వాడు డ్యూటీకి, మరదలు ఎక్కడికో. పక్కింటావిడ మీరెవరు అనడిగింది. వాళ్ళక్కనన్నాను. వాళ్ళకి అక్క ఉందా అంది. ఆవిడ కొత్తగా వచ్చిందట, ఏడాదే అయిందట.

కిటికీ అద్దం నల్లగా ఉంది. మరదలు అబద్ధం చెప్పలేదు. వాడు క్యాంటీన్‌లో అడిగిన ప్రశ్నకి జవాబు బాకీ ఉంది కదా. వేలితో రాశాను. నా గుడ్డలో ఉందిరా.

అక్షరాలు వంకరగా వచ్చాయి. వేలు తుడుచుకోకుండానే బస్సెక్కాను.

మార్చి 8, ఆదివారం

మళ్ళీ వెళ్ళాను. తలుపు తట్టలేదు, వీధిలోంచే చూశాను.

అద్దమంతా శుభ్రంగా తుడిచారు. లోపల కర్టెన్ పువ్వులు కూడా కనిపిస్తున్నాయి.

నా అక్షరాలున్న ఆ ఒక్క పట్టీ మాత్రం నల్లగానే వదిలేశారు.