తాడు విప్పని పడవ

బావా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మనిద్దరం కలగన్న తెరచాప పడవను పొద్దున రిజర్వాయర్‌లో దించాం. సిద్దిపేటలో ఈ పిచ్చి మన ఇంటికే ఉంది.

కొత్త ట్రాక్టరుకు చేసినట్టే పూజ చేశాం. నిమ్మకాయలు చక్రాల కింద పెట్టాలి కదా, పడవకు చక్రాలెక్కడివి? అక్క వాటిని పడవ అడుగున పెట్టింది. నేను ఎక్కి కూర్చున్నాక అందరూ కలిసి నెట్టారు. దుబ్బాక చేనేత గుడ్డతో కుట్టిన తెరచాప గాలికి నీ బొజ్జలా ఉబ్బింది. పడవ కాస్త దూరం పోయి, ఒక్క కుదుపుతో ఆగింది. నేను నీళ్లలో పడ్డాను. చూస్తే, ఒడ్డున గుంజకు బర్రెను కట్టినట్టు కట్టిన తాడు ఎవరూ విప్పలేదు!

అక్క పడీపడీ నవ్వింది. "మీ బావ ఉంటే ఎంత నవ్వుతుండెరా! డాక్టరు గుండె ఖరాబైందని చెప్పిననాడు గూడ నీ మాటలు యాది జేసుకొని నవ్విండు."

"ఏనాడక్కా?"

అక్క నవ్వు ఆగిపోయింది. "పోయే ముంగటి ఎండకాలంల. నీకు చెప్పొద్దన్నడు తమ్మీ. చెప్తే నామీద జోకులు బంద్ జేస్తడన్నడు."

అక్కకు తెలుసు, డాక్టరుకు తెలుసు. నేను మాత్రం "బావా, పడవ నీ బొజ్జకే మునుగుతది" అంటూ తిరిగాను. నువ్వేమో నవ్వుతూ కూర్చున్నావు. ఊరందరినీ బురిడీ కొట్టించిన నన్నే నువ్వు బురిడీ కొట్టించావు.

పడవ మీద నీ పేరు రాయిద్దామనుకున్నాను. ఇప్పుడు 'దగాకోరు' అని రాయిస్తాను. అక్క తిడితే తిట్టనీ. ఎవరని అడిగిన ప్రతివాడికీ మా బావేనని చెప్తాను.