ఎనిమిది మిల్లీమీటర్లు

నోవై, మిషిగన్
జనవరి 31

అక్కకి,

ఉమ నమస్కరించి రాస్తున్నాను. నువ్వు, బావగారు, మీ అత్తయ్యగారు అందరూ బాగున్నారని తలుస్తున్నాను. ఆవిడ మోకాలికి కొత్త డాక్టరు రాసిన మందు పనిచేస్తోందా? ఇక్కడ మేము ముగ్గురం క్షేమం. ఉత్తరమన్నాక ఆ మాట రాయాలి కాబట్టి రాశాను. చదువుతూ పోతే దానికి ఎంత విలువ ఇవ్వాలో నీకే తెలుస్తుంది.

ఫోను ఉండగా ఈ కాగితాలేమిటని నవ్వకు. నువ్వు ఫోన్ ఎత్తీ ఎత్తగానే స్పీకర్‌లో పెడతావు. వంటింట్లో నుంచి బావగారు, మంచం మీద నుంచి అత్తయ్యగారు తలో మాటా అంటారు. ఇది నీ ఒక్కదానికే చెప్పాల్సిన సంగతి. చదివాక చించెయ్యి.

వారం రోజులుగా మంచు ఆగకుండా పడుతోంది. పొద్దున్నే మా ఆయన ముందు కారు మీది మంచు గీకి, తరువాత నన్ను తిట్టి, ఆఫీసుకి వెళతారు. నేను ఇంట్లోనే లాప్‌టాప్ ముందు కూర్చుని ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పడతాను. అదే నా ఉద్యోగం, ఇతరుల తప్పులు పట్టడం. గోంగూర మాత్రం డబ్బాలోదే గతి. మేఘన బాగానే చదువుతోంది. నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా "హాకీ ఎలా ఆడుతోంది?" అని అడుగుతావు, నేను "బ్రహ్మాండం" అంటాను. అది అబద్ధం. ఏప్రిల్ నుంచి ఆ పిల్ల హాకీ ఆడే మంచు మైదానం మీద కాలు పెట్టలేదు.

మొదటినుంచి చెబుతాను.

పోయిన ఫిబ్రవరిలో మేఘన కోచ్ నన్ను పిలిచి, "ఏప్రిల్‌లో పెద్ద టీమ్‌కి ఎంపికలున్నాయి, మీ అమ్మాయికి అవకాశం ఉంది, కానీ షాపులో దొరికే స్కేట్లు ఆమె కాళ్లకి పడటం లేదు" అన్నాడు. నిజమే. స్కేట్లంటే అడుగున కత్తిలాంటి పట్టీ ఉన్న బూట్లు, దాని పాదమేమో మన నాన్న పాదం. ముందు చేటంత, మడమ దగ్గర సన్నం. ముందువైపు పట్టేవి కొంటే మడమ జారుతుంది, మడమకి పట్టేవి కొంటే చిటికెన వేలు పచ్చిపుండు అవుతుంది. కాబట్టి కొలిచి కుట్టించాలన్నాడు. అవును అక్కా, ఇక్కడ కూడా పెళ్లి జాకెట్టులా కొలతలిచ్చి కుట్టించుకునేవి ఉన్నాయి. ధర చెప్పను, నువ్వు గుండె పట్టుకుంటావు.

ఆ మంచు మైదానం పక్కనే ఉన్న దుకాణంలో వాల్ట్ అని డెబ్బై దాటిన ముసలాయన కొలతలు తీస్తాడు. మేఘనని తెల్లకాగితం మీద నిలబెట్టి, తాను నేలమీద మోకాళ్లూని, పెన్సిల్‌తో పాదం చుట్టూ గీత గీశాడు. చీలమండకి, మడమకి టేపు చుట్టి ఒక్కో అంకె ఆ బొమ్మ పక్కనే రాశాడు. చెయ్యి కాస్త వణుకుతుంది కానీ గీత మాత్రం వణకలేదు. అంతసేపూ పిల్లని నవ్విస్తూనే ఉన్నాడు. నా కూతురు నాతో అలా నవ్వి ఎన్నాళ్లయిందో లెక్క వేసుకుంటూ నేను పక్కన కూర్చున్నాను. ఒప్పుకుంటున్నాను, ఒళ్లు మండింది.

"పెరిగే పిల్ల కదా, కొంచెం పెద్దవి చేయిస్తే రెండేళ్లు వస్తాయేమో?" అన్నాను.

ఆయన తల ఎత్తకుండానే చెప్పాడు. "లేదు మేడమ్. ఇవాళ్టి కాలు ఎంతో అంతే. రేపటి కాలిని రేపు కొలుద్దాం."

మేఘన సిగ్గుతో చచ్చిపోయింది. "అమ్మా, ప్లీజ్! ఎంబరాస్ చెయ్యకు," అంది. ఆయన నవ్వి, అంకెలన్నీ కంప్యూటర్లో ఎక్కించి, పాదం బొమ్మ ఉన్న ఆ కాగితాన్ని చుట్టి రబ్బరుబ్యాండు వేసి పిల్ల చేతిలో పెట్టాడు. కొలిచిన ప్రతి పిల్లకీ అలా ఇస్తాడట.

మర్నాడు నాకో మెయిల్ వచ్చింది. స్కేటు మీద కుట్టే పేరు స్పెల్లింగు, దారం రంగు చూసుకుని, తప్పుంటే సరిచేసి ఒప్పుకున్నట్టు నొక్కమని. పేరు సరిగ్గానే ఉంది. కిందికి వెళితే కొలతలు కూడా ఉన్నాయి. నొక్కితే అవీ మారుతున్నాయి.

నాన్న గుర్తొచ్చాడు. స్కూలు తెరిచే ముందు మనిద్దరినీ చెప్పుల కొట్టుకి తీసుకెళ్లి, కాలు చూడకుండానే "ఓ సైజు పెద్దదియ్యవయ్యా" అనేవాడు గుర్తుందా? నీకు కొన్నవి మరుసటి ఏడు నాకు. బూట్ల ముందు భాగంలో దూది కుక్కి వేసేవాడు. నేను పెద్దదాన్నయ్యాక నా పిల్లకి ఇలా చెయ్యనని ఎన్నిసార్లు ఒట్టు పెట్టుకున్నానో. అయినా వేళ్లు వాటంతటవే పోయాయి. ఎడమ కాలి పొడుగుకి ఎనిమిది మిల్లీమీటర్లు కలిపాను. కుడికాలికీ కలిపాను. ఒప్పుకున్నట్టు నొక్కి, లేచి పప్పులో పోపు పెట్టాను. పోపు మాడలేదు, ఏమీ కాలేదు. చాలా తెలివైన పని చేశాననే అనుకున్నాను.

ఏప్రిల్ మొదట్లో స్కేట్లు వచ్చాయి. ఎంపికలకి నాలుగు రోజులుంది. మడమ పక్కన ఎర్రదారంతో మేఘన పేరు. అంత సంతోషంగా దాన్ని నేనెప్పుడూ చూడలేదు. ఆ సంబరంలో పాతవాటిని అప్పటికప్పుడే మా వీధిలో ఉండే రమ్య వాళ్ల పిల్లకి ఇచ్చేశాను, మేఘనని అడక్కుండానే. పిల్ల కొత్తవి వేసుకుని, లేసులు బిగించి, మంచు మీదికి వెళ్లి రెండు చుట్లు తిరిగి వచ్చేసింది.

"ఇట్స్ లూస్ అమ్మా. హీల్ పైకి వస్తోంది."

వాల్ట్ వాటిని మెత్తబడేలా పొయ్యిలో వేడి చేసి కాలికి అద్ది చూశాడు. మళ్లీ బిగించాడు. మళ్లీ వేడి చేశాడు. వేలు లోపల పెట్టి చూసి ఆయన మొహం పాలిపోయింది. కొత్తవి చేయించడానికి ఆరువారాలు పడుతుందన్నాడు. రెండో మేజోడు వేసుకోకూడదు, పట్టు పోతుంది అని మరీ మరీ చెప్పాడు. నేను ఇంటికి తీసుకెళ్లి ఏం చేశానో తెలుసా? దీపారాధన వత్తులకి నువ్వు పంపిన దూది తెచ్చి ముందు భాగంలో కుక్కాను. అంతా కుక్కాను.

ఎంపికల రోజు నా పిల్ల అందరూ చూస్తుండగా మూడుసార్లు పడింది. మలుపు తిరగబోయినప్పుడల్లా లోపల కాలు ఒకవైపు, స్కేటు ఇంకోవైపు. మూడోసారి లేవడానికి చాలాసేపు పట్టింది. నాకు నువ్వు గుర్తొచ్చావు. ఏడో తరగతిలో పరుగుపందెంలో అందరికన్నా ముందుండి, బూటు ఊడి కంకర మీద పడ్డావు. ముందు పన్ను విరిగింది. ఆ రోజు నేను నవ్వాను అక్కా. పన్ను విరిగినందుకు కాదు, ఆ బూట్లు ఇక నువ్వు వేసుకోవు, త్వరగా నాకొస్తాయని. నీకు ఇన్నేళ్లుగా చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను, ఏం చేసుకుంటావో చేసుకో.

జాబితాలో మేఘన పేరు లేదు.

అది తిన్నగా దుకాణంలోకి వెళ్లింది. నేను సంచీ పట్టుకుని వెనకాలే వెళ్లాను. పదిమంది పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు ఉన్నారు. ఆ ముసలాయన మీద ఎంత అరిచిందో! "యూ ఆర్ టూ ఓల్డ్ టు డూ దిస్!" అంది. నీ చేతులు వణుకుతాయి, నువ్వు ఇంట్లో కూర్చో అంది. ఆయన కంప్యూటర్లో ఆర్డరు తీసి అంకెలు చూశాడు, పిల్ల కాలు చూశాడు, "నేనే తప్పు ఎక్కించి ఉంటాను, కళ్లు సరిగా కనబడటం లేదు ఈమధ్య" అన్నాడు. నన్ను చూసి, "క్షమించండి మేడమ్" అన్నాడు.

నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. పైగా "ఫర్వాలేదు లెండి" అన్నాను. నేను ఆయన్ని క్షమించాను అక్కా! ఇంటికొచ్చి మా ఆయనకి నిజం చెబితే, రోజూ కారు విడిభాగాల్లో వెంట్రుకవాసి తేడా ఒప్పుకోని ఆ మహానుభావుడు, "ఎనిమిదేనా? నేనైతే ఓ అంగుళం కలిపేవాణ్ని" అని టీవీ పెట్టుకున్నారు.

జూన్‌లో మేఘన తన గది సర్దుకుంటూ ఆ కాగితం చుట్ట విప్పింది. బొమ్మ పక్కన వాల్ట్ రాసిన అంకెలు. స్కేట్ల కొలతలతో పోల్చాలని నా లాప్‌టాప్ తెరిస్తే ఆ మెయిల్. వంటింట్లోకి వచ్చి రెండూ నా ముందు పెట్టింది. అరవలేదు. అరుస్తుందనే ఎదురుచూశాను, అరిస్తే బాగుండేది.

"నేను ఆయన్ని అన్ని మాటలు అన్నప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు," అంది. "వాచ్ చేశావు."

"నీ మంచికే కదమ్మా..."

"వాల్ట్‌కి చెప్పు. అంతవరకు నాకేం చెప్పకు."

వెళ్లాను. ఆయన మే నెలలోనే మానేశాడట. దుకాణం యజమానురాలు చెప్పింది. తన పొరపాటుతో ఒక పిల్లని ఏడిపించాక మళ్లీ టేపు పట్టుకోలేకపోయాడని, అరిజోనాలో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడని. నంబరు రాసిచ్చింది. మేఘన దాన్ని ఫ్రిజ్ మీద అంటించింది. ఏడు నెలలు ఆ నంబరు ముందు నిలబడి పాలు కాచాను. ఆ స్కేట్లు గుమ్మం పక్క చెప్పుల స్టాండు మీదే ఉన్నాయి. అమ్మనివ్వదు, పారేయనివ్వదు. ప్రతి నెలా ఒకటో తారీఖున స్టూలు మీద కూర్చుని వేసుకుంటుంది. లేసులు బిగించి, మడమ వెనక వేలు దూర్చి చూస్తుంది. నాకు వినపడేలా "స్టిల్ లూస్" అంటుంది. "రెండేళ్లు రావాలన్నావుగా. ఫిట్ అయిన రోజు ఆడతాను."

పోయినవారం ఏడాది పరీక్షలకి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆడపిల్లల్లో పాదాలే ముందు ఆగుతాయట, మేఘనవి ఇక పెరగవన్నట్టేనని ఆవిడ చెప్పింది. నా కూతురు నా వైపు తిరిగి, చక్కగా, ఫొటోకి నవ్వినట్టు నవ్వింది.

నిన్న సాయంత్రం ఇక తట్టుకోలేక వాల్ట్‌కి ఫోన్ చేశాను. మేఘన వినాలని స్పీకర్‌లోనే పెట్టాను, నీ అలవాటే. అది మెట్లమీద కూర్చుంది. ఆయన నా గొంతు గుర్తుపట్టాడు. ఎంత ఆత్రంగా అడిగాడో. "పాప ఎలా ఉంది? నేను పాడుచేసిన స్కేట్లు ఏమయ్యాయి?"

చెప్పాలనే నోరు తెరిచాను అక్కా, నీ మీద ఒట్టు. "ఇప్పుడు సరిగ్గా సరిపోయాయి. చక్కగా ఆడుతోంది" అన్నాను. ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. నాకెంతో పుణ్యం చేసినట్టనిపించింది.

మేఘన లేచింది. గుమ్మం దగ్గరికి వెళ్లి స్కేట్లు వేసుకుంది. తాపీగా, ఒక్కో లేసూ బిగించింది. ఫోను దగ్గరికి వచ్చి ఇంగ్లీషులో, ఒక్కో మాటా విడమర్చి చెప్పింది. "ఇంకా వదులే, వాల్ట్. మీరు కరెక్టుగానే రాశారు. మా అమ్మ మార్చింది. ఆ రోజు మిమ్మల్ని అన్నందుకు సారీ."

తరువాత ఆయన నన్నే అడిగాడు. "ఎంత కలిపారు?"

"ఎనిమిది మిల్లీమీటర్లు."

"మళ్లీ చెప్పండి."

చెప్పాను.

"అయితే నా చెయ్యి తప్పలేదు," అన్నాడు. ఆ మాట నాతో అనలేదు. తరువాత ఏడుస్తున్నట్టు వినిపించింది. మేఘనకి ఏదో మంచిమాట చెప్పాడు, నాకు ఏమీ చెప్పకుండా పెట్టేశాడు.

నేను దాన్ని పట్టుకోబోయాను. "ఇప్పుడు ఆయనకి తెలిసింది కదా తల్లీ, కొత్తవి కుట్టిద్దాం, ఆడు" అన్నాను. కూర్చుని లేసులు విప్పుకుంటూ, "ఎవరు కొలుస్తారు?" అంది.

నా గురించి బెంగ పెట్టుకోకు. నేను బాగానే ఉన్నాను. తింటున్నాను, పడుకుంటున్నాను, ఉద్యోగం చేస్తున్నాను. ఈసారి ఎవరైనా వస్తుంటే వత్తులకి దూది పంపు, నువ్వు పంపినదంతా ఆ స్కేట్లలోనే ఉంది, తియ్యడానికి చెయ్యి రావటం లేదు. ఫోన్ చేసినప్పుడు పిల్లని హాకీ గురించి అడగకు. అడిగితే అది నిజమే చెబుతుంది.

బావగారికి నా నమస్కారాలు, అత్తయ్యగారికి పాదాభివందనాలు. నీ విరిగిన పన్ను విషయంలో నన్ను క్షమించగలిగితే ఆ ఒక్క ముక్క రాసి పంపు. దీవించమని అడగటానికి మొహం చెల్లడం లేదు, అయినా అడుగుతున్నాను. నన్ను కాదు, పిల్లని.

రేపు ఒకటో తారీఖు.

నీ చెల్లెలు,
ఉమ