రెత్నో పేరు మీద నూట పన్నెండు సార్లు

యోగ్యకర్తా, మంగళవారం

కోప్పడకుండా చివరిదాకా చదవాల్సిన రెత్నో అక్కకు,

మనిద్దరం కలిసి రాసి, ఎవరైనా ఉచితంగా వాడుకోండని వదిలిన మన బీజగణితం ప్రోగ్రాంలో తప్పు దొరికింది. ఏ సంఖ్యనైనా వర్గం చేసి వర్గమూలం తీస్తే మళ్లీ ఆ సంఖ్యే వస్తుందని రాసేశాను. మైనస్ మూడు ఇస్తే మూడు రావాలి కదా, మనది మైనస్ మూడే చెబుతోంది. దాని మూలంగా మకస్సర్‌లో ఒకమ్మాయి తన థీసిస్ వెనక్కి తీసుకుంది. "మీ లెక్కనే నమ్ముకున్నాను మేడమ్," అని ఫోన్లో అంతే అంది. తిట్టినా బాగుండేది.

అసలు సంగతి అది కాదక్కా. ఒకరు రాసిన మార్పును ఇంకొకరు చదివి సరే అంటేనే లోపలికి వెళ్లాలన్నది మనం పెట్టుకున్న నియమం. నువ్వు మానేసి మలాంగ్ వెళ్లిపోయాక చదివేవాళ్లు లేరు. ఇక్కడి కంప్యూటర్లో నీ ఖాతా తెరిచే ఉంది. నా మార్పులకు నీ పేరుతో నేనే సరే కొట్టుకున్నాను. రెండేళ్లలో నూట పన్నెండు సార్లు. ఈ తప్పున్న మార్పే అందులో చివరిది.

ఇప్పుడందరూ నిన్నే అంటున్నారు. మా డిపార్ట్‌మెంట్ దర్సోనో గారు పనసకాయ గుదెగ్ తింటూ, "మీ రెత్నో కళ్లజోడు ఇంట్లో పెట్టొచ్చి చదువుతుందేమిటమ్మా?" అన్నారు. అందరితో పాటు నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది. సోమవారం నీ లెక్చరర్ ఇంటర్వ్యూ అని తెలుసు. నిజం చెబితే ఈ ప్రోగ్రాంను ఇక ఎవరూ ముట్టరు, చెప్పకపోతే నీ ఉద్యోగం పోతుంది. ఎటూ కదల్లేకుండా ఉన్నాను. ఏం చేయమంటావో నువ్వే చెప్పు.

నీ నింగ్రుమ్

మలాంగ్, మరుసటి వారం బుధవారం

నా మొండి నింగ్రుమ్‌కు,

నా ఖాతాలో ఏం జరిగినా నా మెయిల్‌కు కబురొస్తుందని నీకు తట్టనే లేదా, పిచ్చిదానా? మొదటిసారి ఒళ్లు మండింది. తర్వాత్తర్వాత వచ్చిన ప్రతిదీ చదవడం అలవాటైంది. ఆ చివరిది చూడగానే తప్పు కనిపించింది. నీకు చెబుదామని ఫోన్ తీశాను కూడా. సెమరాంగ్ సభలో నువ్వు వేదికెక్కి, "ఇదంతా నా ఒక్కదాని కష్టమే" అన్నావు చూడు, అది గుర్తొచ్చింది. నేను మానేసింది ఆ మాటకే. ఒక్కదానివేగా, అనుభవించు అనుకుని ఫోన్ పక్కన పెట్టేశాను. దాన్ని వాడుకునేవాళ్లు ఏమైపోతారో ఆలోచించలేదు.

ఇంటర్వ్యూలో ఆ తప్పు గురించి అడిగారు. "చదివాను, తప్పు చూశాను, ఆపలేదు," అన్నాను. ఉద్యోగం రాలేదు. బాధ లేదనను.

నీ సంగతి వాళ్లకు చెప్పలేదు. అది నువ్వు చెప్పుకోవాల్సింది.

రెత్నో