ఆషాఢం బిల్లు

కడియం,
22 జూలై 2025, మంగళవారం.

ప్రియమైన బావకి,

బుల్లియ్య లారీ రేపు పొద్దున్నే బయల్దేరుతుందట. మొక్కల లిస్టు మధ్యలో ఈ కాగితం పెట్టి పంపుతున్నాను. మీ కొండల్లో సిగ్నల్ లేదని తెలిసి కూడా రెండు రోజులుగా ఫోను చేస్తూనే ఉన్నాను.

ల్యాప్‌టాప్ తెర పోయింది. నువ్వు శనివారం రిసార్టు పనికి వెళ్లావు. ఆదివారం తెరిచి చూస్తే సగం నలుపు, సగం నిలువు గీతలు. నిన్న రాజమండ్రి సర్వీసు సెంటరుకి తీసుకెళ్లాను. అక్కడి అబ్బాయి బిల్లు చూసి, "పదకొండో తారీకుతో వారంటీ అయిపోయిందండి" అన్నాడు.

"అదెలాగండీ? మేం పెట్టె తెరిచింది శ్రావణ శుక్రవారం. ఇంకా ఏడాది నిండలేదు" అన్నాను.

"కొన్నది ఎప్పుడండీ?"

"ఆషాఢంలో. ఆఫరు ఉందని."

"మరి శ్రావణం దాకా ఏం చేశారండీ?"

"బీరువా మీద పెట్టాం."

కౌంటరు దగ్గర నిలబడ్డవాళ్లంతా నవ్వారు. "వారంటీకి ఆషాఢం, శ్రావణం తెలియవండీ. బిల్లు తారీకే" అన్నాడు. ఇంటికొచ్చి అత్తకి చెబితే, "ఆషాఢంలో తెరిచుంటే నిరుడే పోయేది" అంటోంది. మీ అమ్మతో నేను వాదించలేను.

కొత్త తెర సంగతి తర్వాత. యుగంధర్ గారి రిసార్టు తోటకి నేను గీస్తున్న ప్లాను అందులోనే ఉండిపోయింది. లోపలున్నదంతా భద్రంగానే ఉందట, చూడటానికే లేదు. వచ్చే మంగళవారం ఆయన కడియం వస్తున్నారు. ప్లాను ఆయనకి నచ్చితే నన్ను నర్సరీలో మట్టి సంచుల దగ్గర నుంచి ఆఫీసులోకి మారుస్తానని హరిబాబు గారు నీ ముందే కదా అన్నారు. చూపించలేకపోతే ఆ పని రాజమండ్రిలో ప్లాన్లు గీసే రాజ్ కుమార్‌కి వెళ్తుంది. మన పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఆ నర్సరీలో సంచులే నింపుతున్నాను. తెర పోయిందని హరిబాబు గారికి ఇంకా చెప్పలేదు.

శుక్రవారం సాయంత్రం నువ్వు దాన్ని తెరిచావని అత్త అంది. అప్పుడు బాగానే ఉందా?

జవాబు ఇదే లారీలో పంపు.

నీ అశ్విని


రిసార్టు షెడ్డు,
23 జూలై, బుధవారం.

ప్రియమైన అశ్వినికి,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ వాన తెరిపి ఇవ్వడం లేదు. కింది వాగు పొంగింది, సిగ్నల్ ఉన్న చోటికి దిగడానికి లేదు. పదిహేను మంది కూలీలు ఖాళీగా కూర్చుంటున్నారు. ఎక్కడ తవ్వమంటావని గంటకోసారి అడుగుతున్నారు. కూర్చోబెట్టి కూలి ఇవ్వడం బాగోదని గేటు పక్కన నలభై గుంటలు తీయించాను.

ఆ కంపెనీ సరుకే అంత. గట్టిగా మాట్లాడు. ఏడాదికే తెర పోవడమేంటని అడుగు. కానీ దాన్ని వాళ్ల చేత విప్పించకు. ఒకసారి విప్పితే వాళ్లేం చెబితే అదే అవుతుంది.

అయినా ప్లాను లేకుండా తోటలు వెయ్యలేదా? ఇన్నేళ్లూ నేను వేసినవన్నీ కంటితో చూసి వేసినవే. తణుకులో మిల్లు యజమాని తోట ఎవరి ప్లాను ప్రకారం వేశాం? నువ్వు నిద్ర మానుకుని కంగారు పడకు.

అమ్మకి మోకాళ్ల నూనె అయిపోయి ఉంటుంది, చూడు.

వీరబాబు


కడియం,
25 జూలై, శుక్రవారం.

ప్రియమైన బావకి,

ఇవాళ శ్రావణం వచ్చింది. అత్త పొద్దున్నే ల్యాప్‌టాప్‌కి కూడా బొట్టు పెట్టింది. కాదనలేదు.

నువ్వు చెప్పినట్టే మళ్లీ వెళ్లి గట్టిగా మాట్లాడాను. ఈసారి కౌంటర్లో పావని అనే అమ్మాయి ఉంది, ధవళేశ్వరం నుంచి వస్తుందట. నెమ్మదిగా విన్నది. గడువు దాటి నెల లోపు అయితే కంపెనీకి రాసి చూడొచ్చునంది. ఒప్పుకుంటే తెర ఊరికే మారుస్తారట. "కాకపోతే దాని మీద ఏమీ పడలేదని, ఏదీ నొక్కుకోలేదని మీరు సంతకం పెట్టాలండి" అంది.

"నేను ఏమీ పడెయ్యలేదు" అన్నాను.

"మీరు కాదండీ. ఇంట్లో ఎవరూ?"

సోమవారం చెబుతానని వచ్చేశాను. ఇంట్లో ఉన్నది ముగ్గురం. అత్త దాన్ని ముట్టుకోవడానికే భయపడుతుంది. నేను నీకు రాసిన మాటకి నువ్వు జవాబు ఇవ్వలేదు, మర్చిపోయి ఉంటావు. నువ్వు మూసేటప్పుడు బాగానే ఉందని ఒక్క ముక్క రాయి చాలు, సంతకం పెట్టేస్తాను.

హరిబాబు గారు ఇవాళ రెండుసార్లు ప్లాను అడిగారు. అవుతోందండి అన్నాను.

ఆదివారం లారీ కోసం కాచుకుని ఉంటాను.

అశ్విని


రిసార్టు షెడ్డు,
26 జూలై, శనివారం.

ప్రియమైన అశ్వినికి,

లారీలో వచ్చిన పొగడ మొక్కలు బాగున్నాయి. నూరువరహాలు మాత్రం ఎనిమిది విరిగాయి. బుల్లియ్య తాడు సరిగా కట్టలేదు, అడిగితే గాలి మీదకి నెట్టేశాడు. గేటు దగ్గర గుంటల్లో నీళ్లు నిలుస్తున్నాయి. యుగంధర్ గారి ఇంజనీరు శాంతికుమార్ వచ్చి, ఇవి ప్లానులో ఉన్నాయా అని అడిగాడు. ఉంటాయండీ అన్నాను.

నాకు ఒంట్లో కులాసాగానే ఉంది. సంతకం సంగతి నీకెలా తోస్తే అలా చెయ్యి. బుల్లియ్య హారన్ కొడుతున్నాడు, ఇంతే రాస్తున్నాను.

వీరబాబు


కడియం,
29 జూలై, మంగళవారం.

ప్రియమైన బావకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. విరిగిన మొక్కలు ఎన్నో రాశావు. నేను అడిగింది రాయలేదు. సోమవారం సంతకం పెట్టలేదు. పావనికి "మా ఇంట్లో సంగతి నాకు సరిగా తెలియదండి" అని చెప్పాను. తను, "మీకు కావలసింది ఫైలే అయితే టీవీకి కేబుల్ పెట్టి చూడండి" అంది. మన పాత టీవీకి ఆ కేబుల్ దూరే చోటే లేదు.

ఇవాళ పొద్దున్న హరిబాబు గారి దగ్గరికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. వారం నుంచి అబద్ధం చెబుతున్నానని కూడా చెప్పాను. ఆయన, "ఆ కెమెరాల టీవీ ఉందిగా, దానికి పెట్టుకో. యుగంధర్ గారు పదకొండింటికి వస్తారు" అన్నారు. నర్సరీలో దొంగలు పడకుండా చూసుకునే ఆ పెద్ద టీవీలో నా ప్లాను వచ్చింది. మిగిలిన పని ఆఫీసులో అందరూ చూస్తుండగానే పూర్తి చేశాను. సంచుల దగ్గర నాతో కూర్చునే చిన్నమ్మాయి కిటికీలోంచి చూసి, "ఏంటక్కా, తోటంటే ఇదేనా? పచ్చచీరల దుకాణంలా ఉంది" అంది.

యుగంధర్ గారికి నచ్చింది. ఒక్క మార్పే చెప్పారు. ఒకటో తారీకు నుంచి ఆఫీసు పని. ప్లాను ప్రింటు ఇందులో పెట్టాను. ఈ ప్రకారమే వెయ్యాలని, తేడా వస్తే నన్నే అడుగుతానని హరిబాబు గారు అన్నారు. గేటు పక్కన ప్లానులో ఏమీ లేదు, అది బళ్లు తిరిగే చోటు. ఆ నలభై పూడ్పించు.

తెర ఇంకా నల్లగానే ఉంది. ఇక ఆ మాట అడగను.

అశ్విని


రిసార్టు షెడ్డు,
30 జూలై, బుధవారం.

ప్రియమైన అశ్వినికి,

గుంటలు పూడ్పించాను. అడగనన్నావు కాబట్టి చెబుతున్నాను.

శుక్రవారం నువ్వు పాలకి వెళ్లినప్పుడు నీ ప్లాను తెరిచాను. నేను వేయబోయే తోట కదా, చూద్దామని. ఎటు గేటో, ఎటు కొండో తెలియలేదు. గుండ్రాలు, అంకెలు. అటూ ఇటూ తిప్పి చూశాను. నీ అడుగు చప్పుడు విని గబుక్కున మూశాను. మొక్కలకి అంట్లు కట్టే నా చాకు మీటల మీదే ఉండిపోయింది. నువ్వు వంటింట్లోకి వెళ్లాక తీసి చూస్తే గీతలు వచ్చేశాయి. మూసేసి చాకు జేబులో వేసుకున్నాను. పొద్దున్నే లారీ ఎక్కేశాను.

అది పొరపాటే. దాని తర్వాత చేసింది పొరపాటు కాదు. తెర పోయిందని నీ మొదటి ఉత్తరం చదివినప్పుడు నాకు బాధ కంటే ముందు ఊరట కలిగింది. ప్లాను రాకపోతే ఎప్పటిలాగే కంటితో చూసి తవ్వించుకోవచ్చు, ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు అనుకున్నాను. అందుకే రెండుసార్లూ ఆ మాటకి జవాబు రాయలేదు. నువ్వు సంతకం పెట్టేసినా ఊరుకునేవాణ్ణే.

ఇవాళ ప్రింటు వచ్చింది. కూలీలంతా నా చుట్టూ నిలబడ్డారు. శాంతికుమార్, "మేస్త్రి గారూ, గుర్తుకి మొదటి మేకు ఎక్కడ కొట్టాలండీ?" అన్నాడు. కాగితం అతని చేతిలో పెట్టాను. నాకు ఇది చదవడం రాదండీ, వేసినావిడ మా ఆవిడే, ఆవిడ్ని అడగాలి అన్నాను. కూలీల్లో ఒకడు నవ్వాడు. శాంతికుమార్ నవ్వలేదు. శనివారం దాకా ఆగుదాం అన్నాడు.

శనివారం లారీలో రా. హరిబాబు గారికి చెప్పమని బుల్లియ్యతో అన్నాను. మేకులు ఎక్కడో నువ్వు చూపించు, నేను కొట్టిస్తాను. కేబిన్లోనే కూర్చో, వెనక మొక్కల్లో ఎక్కకు. ఘాట్ మీద వాన పడుతోంది.

వీరబాబు