అది నడుం నొప్పి కాదు

సుహాస్,

మేకప్ వ్యాన్ వచ్చేసింది, ఫిల్మ్ నగర్ వెళ్తున్నా. పప్పు కుక్కర్‌లో ఉంది, అన్నం నువ్వే పెట్టుకో. స్కాన్ రిపోర్టు టీవీ పక్కన పెట్టాను, సాయంత్రం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు.

ఆయన మొన్న ఎంత విడమరిచి చెప్పారు! వృషణాల దగ్గర రక్తనాళాలు ఉబ్బడాన్ని వేరికోసీల్ అంటారు, ప్రాణభయమేమీ లేదు. ఇబ్బంది లేనివాళ్లయితే ఊరికే కనిపెట్టుకుని ఉండొచ్చట. నీకు నొప్పీ ఉంది, పరీక్షలో వీర్యకణాలూ తగ్గాయి. చిన్న ఆపరేషన్‌తో ఆ నాళాలు ముడేస్తారు, లేదా సన్నటి గొట్టం పంపి మూసేస్తారు. మగతనం పోతుందని నీకెవడు చెప్పాడు?

నువ్వేమో ఫైట్ మాస్టారికి నడుం నొప్పన్నావు. ఆయన పాపం బామ్ ఇచ్చి, మళ్లీ తొడల మధ్య బెల్టు బిగించి రోప్‌తో పైకి లాగించారు.

పిల్లల కోసమని అత్తయ్య నాతో మంగళవారాలు ఉపవాసం చేయిస్తుంటే, అన్నీ తెలిసి పక్కనే కూర్చుని ఇడ్లీలు తింటున్నావు. ఈ మంగళవారం నేనూ తింటాను. ఎందుకో అత్తయ్యకు నువ్వే చెప్పుకో.

భువన

ఆపరేషన్ రోజు షూటింగ్‌కి రానని చెప్పేశాను, నీతోనే ఉంటా. ఆ బామ్ మాత్రం అక్కడ రాసుకోకు, మండి చస్తావు.